మెడలో కొవ్వు, గిట్టలో మంట

బరాత్ నడుస్తుంటే జనం చూపంతా పెళ్లికొడుకు మీదే ఉంటుంది. ఈసారి గుర్రం మెడ చూడండి. చెవుల వెనకనుంచి భుజాల దాకా జూలు మొలిచే గట్టు పలచగా ఉండాలి, వేళ్లతో పట్టుకుంటే అటూ ఇటూ కదలాలి. అది లావెక్కి, గట్టిపడి, నడిచినప్పుడల్లా పక్కకు ఊగుతుంటే ‘బాగా మేపాడు’ అనుకుంటాం. మేపినవాడూ అదే అనుకుంటాడు. “ఎట్లా ఉన్నాడో చూశారా సార్ మావాడు” అంటాడు. గుర్రాల వైద్యం తెలిసిన డాక్టరు మాత్రం ఆ మెడ చూడగానే కిందికి వంగి గిట్టలు చూస్తాడు. మెడలో పేరిన కొవ్వుకూ గిట్టలో పుట్టే మంటకూ ఉన్న లంకె ఏమిటో శాస్త్రానికి గట్టిగా తెలిసి సుమారు ఇరవై ఏళ్లే అయింది.

ఉదాహరణకు తల్లాడనే తీసుకోండి. అది ఖమ్మం–సత్తుపల్లి రోడ్డు మీది కూడలి. ఒక వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే వరి మాగాణి. ఇంకో వైపు ఏన్కూరు, జూలూరుపాడు దాటుకుంటూ కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోయే దారి. ఆ దారిన పోనుపోను అడవి దగ్గరవుతుంది. ఇక్కడ పశువంటే గేదె, ఆవు, ఎద్దు, గొర్రె, మేక. గుర్రం కనపడటం ఏ పెళ్లికో, ఏ ఊరేగింపుకో. దేశమంతటా కూడా అవి తరిగిపోతూనే ఉన్నాయి. 2019 పశుగణనలో గుర్రాలు, టట్టులు కలిపి సుమారు 3.4 లక్షలు తేలాయి. అంతకు ముందు 2012లో లెక్కించినప్పటితో పోలిస్తే ఇది దాదాపు 45 శాతం తక్కువ. బండి లాగే పని, మూటలు మోసే పని పోయాయి. పట్నాలకు దగ్గరి ఊళ్లలో మిగిలింది ఎక్కువగా పెళ్లి పని.

పెళ్లి పనికి ఒక క్యాలెండర్ ఉంది, గుర్రం ఒళ్లు దాన్నిబట్టే నడుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే రాత్రుళ్లు తెరిపి ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు వస్తే నెలల తరబడి రాటకు కట్టేసి ఉంచడమే. కిరాయి ఆగిందని దాణా ఆపరు కదా. పైగా ఊరికే ఉన్నప్పుడే ‘నాలుగు రోజులు బాగా తినిపించి ఒళ్లు చేయిద్దాం, సీజన్‌కు నిగనిగలాడుతుంది’ అనే ఆలోచన వస్తుంది. సీజన్ వచ్చాక మాత్రం నడక ఎంత? డప్పుల ముందు, డీజే ముందు గంటలకొద్దీ నిలబడటమే ఎక్కువ. మధ్యలో పిల్లలు బెల్లం ముక్కలు, లడ్డూలు నోట్లో పెడతారు.

గేదెకు ఒళ్లు వస్తే పాలు వస్తాయన్న లెక్క మన ఊళ్లలో అందరికీ ఒంటబట్టిన లెక్క. గుర్రానికి, అందునా పొట్టి గుర్రానికి, అది పొసగదు.

ఎందుకంటే టట్టువు కరువులో పుట్టిన జాతి. భీమా నది ఒడ్డున పెరిగిన దక్కనీ టట్టువు మరాఠా సైన్యాలను మోసింది. దాని వారసత్వంగా చెప్పుకునే భీమథడి గుర్రానికి ఈమధ్యే దేశవాళీ జాతిగా గుర్తింపు వచ్చింది. ఎండిన గడ్డి తిని రోజంతా నడవగలగడమే దాని గొప్ప. తెలుగు నేల మీద ఇప్పటికీ అట్లా బతుకుతున్న టట్టులను చూడాలంటే పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి వైపు మన్యానికి వెళ్లాలి. రోడ్డు లేని కొండమీది గూడేల నుంచి వారపు సంతకు సరుకు దించేదీ, సంతనుంచి బియ్యం, ఉప్పు ఎక్కించేదీ అవే. ఎక్కుతూ దిగుతూ తిరిగే ఆ గుర్రాలకు పక్కటెముకలు చేతికి తగులుతాయి. మెడగట్టు పలచగా ఉంటుంది. దొరికిన ప్రతి గింజనూ కొవ్వుగా దాచుకోమని చెప్పే జన్యువులు వాటికి వరం. అదే రక్తాన్ని తెచ్చి తవుడు బస్తా పక్కన కట్టేస్తే వరం తిరగబడుతుంది. హైదరాబాదు మలక్‌పేట పందేల్లో పరుగెత్తే థరోబ్రెడ్ జాతికి మెడలో కొవ్వు పేరి గిట్టలు మండే ఈ జబ్బు తక్కువ. ప్రపంచమంతటా ఇది ఎక్కువగా పట్టేది పోనీలను, వాటిలా కొంచెం తిండితో బతికే జాతులను.

ఈ జబ్బుకు ‘ఈక్వైన్ మెటబాలిక్ సిండ్రోమ్’ అన్న పేరును 2002లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ జాన్సన్ ప్రచారంలోకి తెచ్చాడు. 2010లో అమెరికా పశువైద్య నిపుణులు, 2019లో ఐరోపా నిపుణులు దీనిమీద ఉమ్మడి అభిప్రాయాలు ప్రకటించారు. వాటి సారం చెప్పాలంటే జబ్బుకు మూలం కొవ్వు కాదు, ఇన్సులిన్. ఒంట్లో ఇన్సులిన్ అదుపు తప్పడమే జబ్బు. లావెక్కడం దాన్ని పెంచుతుంది, బయటికి చూపిస్తుంది. లావుగా ఉన్న ప్రతి టట్టుకూ ఇది ఉండాలని లేదు; సన్నగా ఉన్న కొన్నింటికి ఉండొచ్చు.

ఇక్కడ మన తెలుగువాళ్లం పొరబడటానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఇంటింటా షుగర్ ఉన్న దేశం మనది. ఇన్సులిన్ అనగానే వేలికి సూది గుచ్చి చూసే చిన్న మిషను గుర్తొస్తుంది. గుర్రానికి కూడా దానితోనే చూసి, నంబరు మామూలుగా వస్తే “షుగర్ లేదండీ, ఏం భయం లేదు” అనేస్తారు. మనిషికి వచ్చే రెండో రకం మధుమేహంలో క్లోమం కొన్నాళ్లు కష్టపడి, చివరికి అలసిపోతుంది; అప్పుడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. గుర్రం క్లోమం అంత తేలిగ్గా అలసిపోదు. కండరాలు ఇన్సులిన్ మాట వినకపోతే అది ఇంకా ఇంకా ఇన్సులిన్ పోస్తూనే ఉంటుంది, చక్కెరను అదుపులోనే ఉంచుతుంది. కాబట్టి గుర్రాల్లో చక్కెర చాలావరకు మామూలుగానే కనపడుతుంది. నష్టం చేసేది చక్కెర కాదు, దాన్ని అదుపులో పెట్టడానికి రక్తంలో వరదెత్తిన ఇన్సులినే.

ఈ సంగతి తేల్చింది ఆస్ట్రేలియా పరిశోధకులు. 2007లో కేటీ ఆస్ప్లిన్, మార్టిన్ సిలెన్స్, క్రిస్ పొలిట్ బృందం జబ్బేమీ లేని ఆరోగ్యమైన పోనీలకు రక్తనాళం ద్వారా ఇన్సులిన్ ఎక్కించింది. చక్కెర పడిపోకుండా పక్కన గ్లూకోజ్ కూడా ఎక్కిస్తూ వచ్చారు. అంటే రక్తంలో చక్కెర మామూలు, ఇన్సులిన్ మాత్రం విపరీతం. 72 గంటల్లోపే ఆ పోనీలన్నింటికీ గిట్టల్లో లామినైటిస్ అనే మంట మొదలైంది. ఉత్త సెలైన్ ఎక్కించిన పోనీలకు ఏమీ కాలేదు. మూడేళ్ల తర్వాత మెలడీ డి లాట్ అదే పరీక్షను పోనీలు కాని పెద్ద గుర్రాలపై చేస్తే 48 గంటల్లోనే అదే ఫలితం వచ్చింది. ఈ ప్రయోగాల్లో ఎక్కించిన ఇన్సులిన్ మోతాదు కొట్టంలో కట్టేసిన గుర్రానికి రోజూ ఉండేదానికన్నా చాలా ఎక్కువ. అందుకే మూడు రోజుల్లో జరిగిన పని బయట నెలలకో ఏళ్లకో జరుగుతుంది. దారి మాత్రం అదే.

లామినైటిస్ అంటే ఏమిటో తెలియాలంటే గిట్ట లోపల చూడాలి. గుర్రం నడిచేది ఒక్క వేలి చివరి ఎముక మీద. ఆ ఎముక గిట్ట అడుగున కూర్చుని ఉండదు. గిట్ట గోడల లోపలి వైపునుంచి వేలాడుతూ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేవి లామెల్లాలనే పలచటి మడతలు. రెండు దువ్వెనల పళ్లను ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు, గోడవైపు మడతలూ ఎముకవైపు మడతలూ అల్లుకుని ఉంటాయి. ఒక్కో గిట్టలో 550 నుంచి 600 దాకా పెద్ద మడతలు, ఒక్కో పెద్ద మడత మీద మళ్లీ వందకు పైగా చిన్న మడతలు. రెండు మూడు వందల కిలోల బరువంతా ఈ అల్లికమీదే ఆగుతుంది. ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు ఈ మడతల్లోని కణాలు సాగి, బలం తగ్గి, పట్టు వదులుతాయి. ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోనుకు ఉద్దేశించిన గ్రాహకాల మీద ఇన్సులిన్ పనిచేయడమే ఇందుకు దారి అన్నది ఎక్కువమంది పరిశోధకుల అనుమానం. పట్టు సడలాక ఎముక ముందుకు తిరుగుతుంది, లేదా కిందికి దిగుతుంది. మరీ ముదిరితే పాదం అడుగును చీల్చుకుని బయటికే వస్తుంది. 1973లో అమెరికన్ ట్రిపుల్ క్రౌన్ గెలిచిన పందెపు గుర్రం సెక్రటేరియట్‌ను 1989 అక్టోబరులో చంపేయాల్సి వచ్చింది ఈ లామినైటిస్ వల్లే.

మొక్కజొన్న బస్తా తెంపుకుని ఒక్కసారిగా మెక్కిన గుర్రానికి వచ్చే లామినైటిస్ వేరు. అక్కడ పిండిపదార్థం పెద్దపేగులోకి జారి పులిసి, విషాలు రక్తంలోకి చేరి, ఒకటి రెండు రోజుల్లో గిట్టలు పట్టేస్తాయి. గొర్రె రాలిన ధాన్యం మేసి పొట్ట ఉబ్బి పడిపోవడం మన రైతుకు తెలిసిందే కాబట్టి ఆ ప్రమాదం తేలిగ్గా అర్థమవుతుంది. అర్థం కానిది ఇన్సులిన్ తెచ్చే లామినైటిస్. అందులో బస్తా తెగదు, ఎవరూ భయపడరు, గుర్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

దాన్ని చూపుతో, చేత్తో కనిపెట్టొచ్చు. ముందు మెడ. గట్టు మీద చెయ్యి వేసి నొక్కండి. 0 నుంచి 5 దాకా కొలిచే ఒక పద్ధతి వర్జీనియా పరిశోధకులు 2009లో పెట్టారు. 0 అంటే గట్టే కనపడదు. 3 అంటే లావై, దళసరి అయి, పట్టుకుంటే చెయ్యి నిండుతుంది, అటూ ఇటూ వంగడం తగ్గుతుంది. 5 అంటే ఒక పక్కకు పడిపోయింది. 3 దాటితే అనుమానించాల్సిందే. తర్వాత భుజం వెనక, తోక మొదలు దగ్గర, మగగుర్రానికి మర్మావయవం తొడుగు చుట్టూ, ఆడగుర్రానికి పొదుగు దగ్గర మెత్తటి కొవ్వుగడ్డలు ఉన్నాయా చూడాలి. కంటిపైన ఉండే గుంట గమనించండి. మామూలు గుర్రానికి అది లోపలికి ఉంటుంది. ఈ జబ్బున్న వాటిలో అక్కడ కూడా కొవ్వు చేరి ఉబ్బుతుంది. పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి తేలిగ్గా జరిపితే ఎముకలు తెలియాలి. గట్టిగా నొక్కినా తెలియకపోతే బరువు మించినట్టే. పొట్ట మాత్రం నమ్మకండి. గడ్డిపొట్ట, నులిపురుగుల పొట్ట, చూలు పొట్ట అన్నీ ఒకేలా కనపడతాయి, ఎముకలు తేలిన బక్క గుర్రానికి కూడా పొట్ట వేలాడొచ్చు.

ఇంక గిట్ట. ఇది అసలు పుస్తకం, దీన్ని తీరిగ్గా చదవాలి. గిట్ట గోడ పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టి కిందికి పెరుగుతుంది, నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. ముందు భాగంలో పైన పుట్టింది నేలకు చేరడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. అంటే ఏ రోజు చూసినా గిట్ట మీద దాదాపు ఏడాది చరిత్ర ఉంటుంది. మేత మారినా, జ్వరం వచ్చినా, కాలం మారినా అడ్డంగా చిన్న గీతలు పడతాయి. అవి ముందునుంచి మడమ దాకా ఒకే ఎడంతో ఉంటే భయం లేదు. ముందువైపు దగ్గరదగ్గరగా ఇరుక్కుని, మడమవైపు పోయేసరికి విడిపోతూ ఉంటే, ముందు భాగంలో పెరుగుదల మందగించిందని, లోపల అల్లిక దెబ్బతిన్నదని అర్థం. గుర్రం ఎన్నడూ కుంటలేదని యజమాని చెప్పినా ఆ గీతలు వేరే మాట చెబుతాయి. గిట్ట ఎత్తి అడుగు చూడండి. గోడకూ అడుగుకూ మధ్య ఉండే తెల్లటి గీత సన్నగా, బిగుతుగా ఉండాలి. ముందువైపు అది వెడల్పై, పిండిలా రాలుతూ, మధ్యలో ఎర్రటి రక్తపు చారలుంటే అది పాత దెబ్బే. తరచూ గిట్టలో చీము పడుతుంటే కూడా అదే అనుమానం. లాడం కొట్టేవాళ్లకు ఇవన్నీ ఎదురవుతూనే ఉంటాయి. “గట్టి నేల మీద నడిపించండి, సరిపోద్ది” అని పంపేయకుండా డాక్టరుకు చూపించమని చెప్పే లాడం పనివాడు దొరికితే ఆ గుర్రం అదృష్టం.

నడకలో మొదటి సూచన కుంటడం కాదు. రెండు ముందుకాళ్లూ నొస్తున్నప్పుడు ఏ కాలికీ ప్రత్యేకంగా కుంటదు, అడుగులు చిన్నవవుతాయి. మట్టిలో బాగానే నడిచి, సిమెంటు రోడ్డు ఎక్కగానే తడబడుతుంది. తిన్నగా నడుస్తుంది గానీ ఇరుకు చోట మలుపు తిప్పితే మొరాయిస్తుంది. పొగరెక్కిందని దానికి రెండు దెబ్బలు పడేది ఇక్కడే. నిలబడ్డప్పుడు ముందు ఒక కాలి మీద, కాసేపటికి ఇంకో కాలి మీద బరువు మార్చుకుంటూ ఉంటుంది. జబ్బు ముదిరితే ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది, లేదా పడుకుని లేవదు. గిట్ట వేడిగా ఉందా అని తడమడంతో పాటు కాలి గిలక వెనక, రెండు పక్కల, వేలితో నాడి వెతకండి. మామూలు రోజుల్లో అది దొరకడమే కష్టం. గట్టిగా కొట్టుకుంటూ చేతికి తగిలితే అది అత్యవసరం. ఆరోగ్యంగా ఉన్న రోజునే ఆ నాడి ఎక్కడుందో పట్టి చూసుకుంటే, ఆపద నాడు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

పదిహేనేళ్లు దాటిన గుర్రం అయితే ఇంకో జబ్బునూ తోసిపుచ్చాలి. మెదడు అడుగున ఉండే పీయూషగ్రంథి మధ్యభాగం అదుపు తప్పడం వల్ల వచ్చేది, పీపీఐడీ అంటారు. కండ కరిగి వీపు పల్లం పడుతుంది, నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువ మూత్రం పోస్తుంది, చలికాలపు బొచ్చు ఊడదు. మే నెలలో ఖమ్మం ఎండలో ఒక గుర్రం ఒత్తయిన బొచ్చుతో చెమటలు కక్కుతుంటే ఇంక వేరే పరీక్ష దాకా పోకుండానే అనుమానించొచ్చు. రెండు జబ్బులూ ఒకే గుర్రంలో కలిసి ఉండటమూ ఉంది. పీపీఐడీకి పెర్గోలైడ్ అనే మందు ఉంది, జీవితాంతం వాడాలి.

ఇన్సులిన్‌కు పరీక్ష ఉంది. గడ్డి మాత్రమే పెట్టి, గింజ ఆపి రక్తం తీస్తారు; లేదా తూకం ప్రకారం మొక్కజొన్న సిరప్ నోట్లో పట్టి, 60 నుంచి 90 నిమిషాల మధ్య రక్తం తీసి ఇన్సులిన్ ఎంత పెరిగిందో చూస్తారు. రెండోదే ఎక్కువ నమ్మదగింది. నొప్పితో వణుకుతున్న గుర్రానికి ఇవి చేసి లాభం లేదు, నొప్పి కూడా అంకెను మార్చేస్తుంది. మనుషుల ల్యాబులో ఇన్సులిన్ కొలిచే పద్ధతులన్నీ గుర్రం రక్తానికి సరిపోవు కాబట్టి ఆ నమూనా ఎక్కడికి పంపాలో డాక్టరునే తేల్చనివ్వండి. తెలంగాణలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ప్రథమ చికిత్సకు అది చాలు. ముదిరిన కేసుకు, గిట్ట ఎక్స్‌రేకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల లాంటి పెద్ద ఆసుపత్రి కావాలి.

మేత సంగతికి వస్తే, విదేశీ పుస్తకాల సలహాను మన దగ్గర ఉన్నదున్నట్టు దింపుకోవడం కుదరదు. ఇంగ్లండులో పోనీకి పెద్ద శత్రువు వసంతకాలపు పచ్చిక. అక్కడి రై గడ్డి లాంటి చలిదేశపు గడ్డి మిగిలిన చక్కెరను ఫ్రక్టాన్‌గా దాచుకుంటుంది. మన గరిక, జొన్నచొప్ప, నేపియర్ వేడిదేశపు గడ్డి. ఇవి ఫ్రక్టాన్ దాచవు. అంతమాత్రాన నిక్షేపంగా మేపొచ్చని కాదు, లేత పచ్చిమేతలో చక్కెర ఉంటుంది. కానీ మన దగ్గర పెద్ద శత్రువు పచ్చిక కాదు, బస్తా. మొక్కజొన్న గింజలో 70 శాతం దాకా పిండిపదార్థమే. ఖమ్మం జిల్లాలో అది చవగ్గా దొరుకుతుంది. బూజు పట్టిన మొక్కజొన్న గుర్రానికి మెదడు కరిగించే విషం కూడా అవుతుంది, అది వేరే కథ. తవుడులో పిండీ నూనే రెండూ ఉంటాయి. పైగా అందులో భాస్వరం విపరీతం, కాల్షియం దాదాపు లేదు. తవుడు మీద పెరిగిన గుర్రం ఎముకల్లోని కాల్షియాన్ని కరిగించుకుని దవడలు, మొహం ఉబ్బి ‘పెద్దతల’ జబ్బుకు గురవుతుంది. మిల్లు యజమానుల గుర్రాలకు వచ్చేది కాబట్టి ఒకప్పుడు దీన్ని మిల్లర్ల జబ్బు అనేవారు. నేపియర్‌లోని ఆక్సలేట్లు కూడా కాల్షియాన్ని పట్టేసి అదే పని చేస్తాయి. ఉలవ గుగ్గిళ్ల పేరు మాత్రం ఊరికే చెడగొట్టకూడదు. పనిచేసే గుర్రానికి అవి మంచి మాంసకృత్తులు. పని లేని టట్టుకు చేటెడు పెట్టడమే తప్పు. బెల్లం గురించి చెప్పేదేముంది, అది ఉత్త చక్కెర.

గుర్రానికి మన అలవాటు తిండి పెట్టి చెడగొట్టడం ఇవాళ్టి సంగతి కాదు. 13వ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కో పోలో రాణి ఏలుతున్న మోటుపల్లి రాజ్యాన్ని ముత్ఫిలి పేరుతో వర్ణించాడు. దానికి దక్షిణాన పాండ్యుల నేలలో ఏటా ఓడలకొద్దీ గుర్రాలు దిగుతాయని, వాటికి అన్నం, వండిన మాంసం పెడతారని, సాకడం తెలియక అవి చచ్చిపోతాయని రాశాడు. ఆయనకన్నా పదహారు శతాబ్దాలు ముందే అరిస్టాటిల్, మేతకు వదిలిన గుర్రాలకు పాదాల జబ్బు తప్ప పెద్దగా జబ్బులు రావని, కొట్టంలో కట్టేసి గింజ పెట్టేవాటికే అన్నీ వస్తాయని గమనించాడు. బార్లీ ఎక్కువై గుర్రం పట్టేయడానికి గ్రీకులో ఒక పేరే ఉండేది.

అయితే, జబ్బు కనిపెట్టగానే చేసే పెద్ద తప్పు ఒకటుంది. అదే పస్తు పెట్టడం. “రేపట్నుంచి దీనికి గడ్డి తప్ప ఏం వేయకండ్రా, అదీ సగమే” అని హుకుం జారీ అవుతుంది. మనిషికి లంఘనం పరమౌషధమేమో గానీ, లావు టట్టుకు, గాడిదకు అది ప్రాణం మీదికి తెస్తుంది. తిండి ఒక్కసారిగా ఆగితే ఒంట్లో పేరిన కొవ్వంతా కరిగి రక్తంలోకి దూకుతుంది. ఇన్సులిన్ మాట వినని ఒళ్లు కాబట్టి ఆ కరగడాన్ని ఆపే పట్టు ఉండదు. కాలేయం నిండిపోతుంది. అప్పుడు రక్తం తీసి గాజుగొట్టంలో కాసేపు నిలబెడితే పైన తేరే నీరు స్వచ్ఛంగా ఉండదు, పాలలా తెల్లబడి కనిపిస్తుంది. దీన్ని హైపర్‌లిపీమియా అంటారు. గుర్రం మేత మానేస్తుంది, మందగిస్తుంది, చాలావరకు చచ్చిపోతుంది. చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చేవాటికి ఇంకా ప్రమాదం. గాడిదపాల డెయిరీలు పెట్టేవాళ్లు దీన్ని గోడమీద రాసుకోవాలి. మేత మానేసిన లావు గాడిదను ‘రేపు చూద్దాం’ అనడానికి లేదు.

కాబట్టి తగ్గించడం లెక్క ప్రకారం జరగాలి. ముందు బరువు తెలియాలి. కాటా లేకపోతే దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసి దాన్ని దానితోనే గుణించాలి. వచ్చినదాన్ని భుజం కొస నుంచి పిరుదు కొస దాకా ఉన్న పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టు 150, పొడవు 135 ఉన్న టట్టు సుమారు 256 కిలోలు. బరువు తగ్గాల్సిన గుర్రానికి రోజుకు దాని బరువులో 1.5 శాతం ఎండుమేత, తేమ తీసేసిన లెక్కలో. అంటే ఈ టట్టుకు 3.8 కిలోలు, మామూలుగా ఎండిన గడ్డి తూకంలో నాలుగు కిలోల పైచిలుకు. డాక్టరు చెప్పకుండా దానికన్నా బాగా కిందికి దించకూడదు. గింజ, తవుడు, బెల్లం పూర్తిగా బంద్. ఎండుగడ్డిని గంటసేపు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెడితే కొంత చక్కెర పోతుంది. మన ఎండల్లో అంతకన్నా ఎక్కువసేపు నానితే పులుస్తుంది. వరిగడ్డి కొంత కలపొచ్చు గానీ అదొక్కటే పెడితే కడుపు బిగుస్తుంది, పోషణా చాలదు. ఖనిజలవణ మిశ్రమం తప్పనిసరి. ఇచ్చే నాలుగు కిలోల్నీ రోజంతా నాలుగైదు సార్లుగా, చిన్న కన్నాల వలసంచిలో పెట్టి ఇస్తే మేలు. గుర్రం కడుపు గంటలకొద్దీ ఖాళీగా ఉండటానికి పుట్టింది కాదు.

గిట్టనొప్పి లేకపోతే నడక అన్నిటికన్నా మంచి మందు. వారానికి అయిదు రోజులు, అరగంటకు తగ్గకుండా, చెమట పట్టేలా. నొప్పి ఉంటే ఒక్క అడుగు కూడా వేయించకూడదు. అప్పుడు కావలసింది లోతుగా ఇసుక పరిచిన చోటు, మంచుముక్కలు వేసిన నీళ్లలో గిట్టలు ముంచడం, డాక్టరు ఇచ్చే నొప్పిమందు. దురదకో ఆయాసానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించేటప్పుడు ‘దీని మెడ చూడండి సార్’ అని చెప్పాలి. ఇన్సులిన్ అదుపులో లేని గుర్రానికి స్టెరాయిడ్ పడితే లామినైటిస్ రేగే ప్రమాదం ఉంది. మనిషి షుగర్‌కు వాడే ఎస్‌జీఎల్‌టీ-2 రకం మాత్రలను ఈమధ్య గుర్రాలపై వాడుతున్నారు. ఇన్సులిన్ బాగా దిగుతోంది, కానీ రక్తంలో కొవ్వు పెరుగుతోందేమో చూస్తూ వాడాలి. మెట్‌ఫార్మిన్ గుర్రం పేగులో సరిగా ఇంకదు, కాబట్టి ఇంట్లో ఉన్నాయి కదా అని తాతగారి మాత్రలు వేయడం దండగ.

దెబ్బతిన్న గిట్ట స్థానంలో కొత్త గోడ పూర్తిగా దిగడానికి ఏడాది. ఆ ఏడాదిలో పెళ్లిళ్ల సీజన్లు రెండు పోతాయి. సాకలేని యజమాని ఆ గుర్రాన్ని అమ్మేస్తాడు. కొన్నవాడు మొదటి బరాత్‌కే రోడ్డు మధ్యలో ఇరుక్కుంటాడు. గుర్రం కొనడానికి వెళ్లేవాళ్లు పళ్లు చూసి వయసు లెక్కగట్టడం మామూలే. మెడమీద చెయ్యి వేసి, సిమెంటు నేల మీద రెండు వైపులా ఇరుకు మలుపు తిప్పించి చూడండి. గిట్టలకు నల్లరంగో నూనో పూసి ఉంటే బేరం మొదలుపెట్టే ముందు తడిగుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిపించండి.